సీటు మీది ప్యాంటు

ఆ ఏడాది ఆకు రాలే కాలంలో, పని ఇచ్చిన చీనా షావుకారు, మా టౌకే, కొనిచ్చిన రంపం ప్యాంటు మొదటి మూడు వారాలూ మా ఆయన మోటారు సైకిలు సీటు మీదే ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, రబ్బరు తాడుతో సీటుకు బిగించి, దాని మీద దర్జాగా కూర్చుని పనికి వెళ్ళేవాడు. ఆ ప్యాంటు లోపల వరసలు వరసలుగా పొడుగాటి దారాలు కుక్కి ఉంటాయి. రంపం గొలుసు పొరపాటున గుడ్డకు తగిలిందంటే ఆ దారాలన్నీ బయటికొచ్చి, గొలుసుకు చుట్టుకుని, దాన్ని అక్కడికక్కడే ఆపేస్తాయట. తొడలకు తొడుక్కోవలసిన వస్తువు అది. మా ఆయన దాన్ని పిరుదుల కింద వేసుకున్నాడు.

"బావా, అది కాళ్ళకిచ్చినారు లా," అని, మాట చివర ఇక్కడందరికీ అలవాటైన ఆ "లా" తగిలించి అంటే, "కూకుంటే కాళ్ళ కాడే కదే ఉంది," అనేవాడు.

సూరిబాబుతో అదే తంటా. ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే ఒళ్ళు మండుతుంది. ఆయన మా మేనత్త కొడుకు. ఊహ తెలిసినప్పటి నుంచీ బావా అనే పిలిచాను, పెళ్ళయ్యాక కొత్తగా ఏవండీ అనడం నా వల్ల కాలేదు.

సెలంగోర్‌లో బటాంగ్ బెర్జుంటై ఊరి దగ్గర మేముండే తోటలో ఎటు చూసినా పామాయిల్ చెట్లే. వాగు పక్కన మాత్రం ఒక్క బ్లాకు పాత రబ్బరు మిగిలిపోయింది. యాభై ఏళ్ళ చెట్లు. పాలు తగ్గిపోయి పదిహేనేళ్ళుగా వాటిని ఎవరూ గీయడం లేదు. వాటిని కొట్టించి, కర్రను కుర్చీల ఫ్యాక్టరీలకు తోలి, ఆ జాగాలో పామాయిల్ వేస్తామన్నారు తోటవాళ్ళు. ఆ కాంట్రాక్టు ఈ టౌకే తీసుకున్నాడు. చైన్ రంపాలు పట్టేది ఇద్దరే, మా ఆయనా, ఆయన నేస్తం అప్పన్నా. ఉగాదిలోగా ముగించాలన్నది మాట.

ఆ బ్లాకు మాకు కొత్త కాదు. మా అత్త మరిడమ్మ తన వయసంతా ఆ చెట్లనే గీసింది. పెళ్ళైన కొత్తలో నేనూ నాలుగేళ్ళు ఆవిడ పక్క వరసలో గీశాను. ఇప్పుడు పొద్దున్నే ఫ్యాక్టరీ పిల్లలకు నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం పొట్లాలు అమ్మేసి, ఇల్లు సర్దుకుని, పదింటికి ఈ ఇద్దరికీ అన్నం పట్టుకెళ్ళేదాన్ని. ఎర్రబడిన ఆకులు చీలమండ దాకా రాలి ఉండేవి. నడుస్తుంటే గలగలలాడేవి. రెండు రంపాల మోత రోడ్డు మీదికే వినిపించేది.

అలాగని మా ఆయన నిర్లక్ష్యం మనిషని అనుకోకండి. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూడందే రంపం ముట్టుకోడు. పైన ఎండుకొమ్మ ఏదైనా వేలాడుతోందా, గాలి ఎటుంది, చెట్టు ఎటు ఒరిగింది అన్నీ చూస్తాడు. పడేటప్పుడు పక్కకు తప్పుకోవడానికి వెనక వైపు రెండు దారులు తుప్పలు కొట్టి పెట్టుకుంటాడు. రెండు చెట్ల దూరంలో మనిషి అలికిడి ఉంటే పని ఆపేస్తాడు. నేను అన్నం తీసుకుని దగ్గరికొచ్చినా, "ఆగవే అక్కడ!" అని నా మీద కేకలే. ఇరవై ఏళ్ళలో ఆయన ఒంటి మీద పడ్డ గాటు ఒక్కటే, అదీ మా వంటింట్లో కొబ్బరి కోరుతుంటే పడింది.

"మరి పేంటుకేటి రోగం?" అని అడిగాను.

"ఉడికిపోతాదే. ఆ రెండు కాళ్ళు ఏసుకుని నడుస్తుంటే బాతు నడక. సెట్టు పడేటప్పుడు బాతు పరిగెట్టగలదేటి?"

జవాబు ఎప్పుడూ ఆయన నాలుక చివరే ఉంటుంది.

రెండో వారంలో అప్పన్నకు దెబ్బ తగిలింది. రబ్బరు చెట్టుకు పాల చిప్ప వేలాడదీయడానికి నడుం ఎత్తున తీగ చుడతారు, దాని పైన చిన్న రేకు దిగ్గొడతారు. ఏళ్ళు గడిచేసరికి బెరడు వాటిని మింగేస్తుంది, పైకి ఏమీ కనబడదు. అప్పన్నకు నడుం నొప్పి, వంగలేడు. కాస్త ఎత్తున కోశాడు. గొలుసు తీగకు తగిలి తెగి, ఎగిరొచ్చి ముంజేతి మీద కొట్టింది. క్లినిక్కులో ఆరు కుట్లు పడ్డాయి. నాలుగో రోజుకే వచ్చేశాడు గాని, హెల్మెట్టు, ముఖానికి జల్లెడ, చేతులకు తొడుగులు, ప్యాంటు అన్నీ వేసుకుని పెళ్ళికొడుకులా వచ్చాడు.

"నాకు బుద్ధొచ్చింది వదినా," అన్నాడు. "ఈ సూరన్నకి ఎప్పుడొస్తాదో మరి."

"నడుం వంచరా అప్పన్నా," అన్నాడు మా ఆయన. "మొదట్లో కొయ్యి. నేల కాడ తీగుండదు, రేకుండదు. నా అమ్మ గీసిన సెట్లు ఇవి, నాకు తెలీదేటి?"

నిజమే, ఆయన ఎప్పుడూ మొదట్లోనే కోసేవాడు, చీలమండ ఎత్తున. ఆ తోటలో పుట్టి పెరిగినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. గీసేవాళ్ళ ఇనుమంతా నడుం దగ్గరే ఉంటుంది. కింద కోసేవాడికి భయం లేదు.

ఇంటి దగ్గర మా అత్త సంగతి వేరేగా ఉంది. ఆవిడకు మోకాళ్ళు పట్టేశాయి. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. పని మొదలైన రోజు నుంచీ కొడుకు మోటారు సైకిలు ఆపడం ఆలస్యం, ఒకటే ప్రశ్న.

"ఇయ్యాల ఏ వరస కొట్టినావురా సూరీ?"

"ఇనప వంతెన కాడమ్మా." మర్నాడు, "నీళ్ళ ట్యాంకు ఎదర." ఆవిడ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకునేది. వయసంతా అక్కడే గడిపింది కదా, పాపం, చెట్లు పోతున్నాయని బెంగ అనుకున్నాను. కాని మూడో వారం వచ్చేసరికి ఎండుచేప పులుసు కూడా వద్దనడం మొదలెట్టింది. మా అత్త ఎండుచేప వద్దన్నదంటే మామూలు సంగతి కాదు.

ఆ వారం చివర ఒక సాయంత్రం ఆవిడ ఉన్నట్టుండి అంది, "ఒరే సూరీ, వాగు మలుపు కాడి సెట్లు నువ్వు ముట్టుకోకు. అప్పన్నకి ఒగ్గీ."

"ఏలమ్మా? అక్కడేటైనా దెయ్యం నీకు సుట్టమా?"

"ఊరకే సెప్తన్నాను."

"అప్పన్న సెయ్యి ఇంకా మానలేదు. రేపు పొద్దున్న ఆ మలుపే నాను పట్టుకోవాలి," అని ఆయన నవ్వుకుంటూ స్నానానికి పోయాడు.

నాకు నవ్వు రాలేదు. ఒక పాత సంగతి గుర్తొచ్చింది. నేను గీసే రోజుల్లో వాగు మలుపు దగ్గరికి రాగానే మా అత్త వంగి, కొన్ని చెట్ల మొదళ్ళను చేత్తో తాకి కళ్ళకు అద్దుకునేది. అన్నం పెట్టే చెట్టని మొక్కుతోంది అనుకునేదాన్ని. ఇప్పుడు మొదటిసారి అనుమానం తట్టింది. మొక్కేదయితే అన్ని చెట్లకూ మొక్కాలి కదా, ఆ కొన్నింటికే ఎందుకు?

వెళ్ళి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"అత్తా, ఆ సెట్లల్లో ఇనుముందా?"

ఆవిడ చీర కొంగు లాక్కుని వేలికి చుట్టుకుంది.

"ఎంత ఎత్తున?"

వాగు వైపు చూసింది. తర్వాత వంగి, తన చీలమండ మీద చెయ్యి పెట్టుకుంది.

సరిగ్గా అదే ఎత్తున కదా ఆయన రంపం పెట్టేది!

"ఓలమ్మో, సెప్పేద్దాం అత్తా, ఇప్పుడే!" అని లేవబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. డెబ్బై దాటిన మనిషికి అంత బలం ఎక్కడిదో.

"నోటితో సెప్తే కాపుదల పోతాది మణీ. ఇరవై ఏళ్ళు ఆడి ఒంటి మీద గీత పడలేదు. ఎందుకనుకున్నావు? ఆడి తెలివనుకున్నావేటి?"

ఆ చెయ్యి తీసుకెళ్ళి తన నెత్తి మీద పెట్టుకుంది. చెప్పనని ఒట్టు వెయ్యమంది. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. కాని నలభై ఏళ్ళుగా ఒక తల్లి దాచుకున్నదాన్ని నా నోటితో పోగొట్టే ధైర్యం కూడా లేదు. నమ్మనిదానికి భయపడి నోరు మూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"సరే," అన్నాను. "నువ్వూ సెప్పొద్దు, నానూ సెప్పను. కాని నా మాట ఒకటి ఇను. రేపు ఆ పేంటు ఏసుకోకుండా నీ కొడుకు గడప దాటకూడదు. నా మాట ఎలాగా ఇనడు. నీ మాట కాదనలేడు. నీ కాపుదల నీ పని అది సేసుకుంటాది, నా పేంటు పని అది సేసుకుంటాది."

ఆవిడ ఆలోచించింది. "ఆ పేంటు నిజంగా ఆపుతాదేటి?" అని అడిగింది.

"ఆపుతాదంట."

"అంట!" అంది అత్త, మూతి తిప్పుతూ. కాని తల ఊపింది.

మర్నాడు పొద్దున్న మా కూలీల ఇళ్ళ లైనులో ఎవరూ అంత తొందరగా మరిచిపోలేని సంగతి జరిగింది. మా ఆయన కాఫీ తాగి బయటికొచ్చేసరికి మోటారు సైకిలు మీద మా అత్త కూర్చుని ఉంది. ఎలా ఎక్కిందో ఆ దేవుడికే తెలియాలి. కర్ర ఒళ్ళో పెట్టుకుని, రెండు కాళ్ళూ ఒకే పక్కకు వేసుకుని, సరిగ్గా ఆ ప్యాంటు మీద కూర్చుంది.

"ఏటమ్మా, పనికొస్తావేటి?"

"దిగుతాను. దిగినాక నా ఎదరే ఈ పేంటు ఏసుకోవాలి."

"మణీ! ఇది నీ పనేనే!"

"దాన్నెందుకంటావు? నాను సెప్తన్నాను. ఏసుకుంటావా, నన్ను ఎక్కించుకుని పోతావా?"

ఎదురింటి తమిళావిడ కోగిలవాణి పళ్ళు తోముకుంటూ ఆగిపోయింది. పక్కింటి పిల్లలు స్కూలు బస్సు సంగతి మరిచిపోయి చూస్తున్నారు. ఇంతమందిలో తల్లిని బండి మీంచి ఎత్తి దించడం బాగుండదు. ఆయన రెండు నిమిషాలు వాదించాడు, ఒక నిమిషం బతిమాలాడు. చివరికి ఆవిణ్ణి చెయ్యి పట్టి దింపి, ప్యాంటు విప్పి దులిపి, నిక్కరు మీదే ఎక్కించుకున్నాడు. మూడు వారాలు దాని మీద కూర్చోవడంతో అది వెనకవైపు నున్నగా అయిపోయింది.

"బాగున్నాడు నా బాతు," అన్నాను.

నా వైపు ఒక చూపు చూసి బండి తీశాడు.

ఆ రోజు పదింటికి అన్నం పట్టుకుని రోడ్డు దిగేసరికి రంపాల మోత వినబడలేదు. ఒకటి ఆగితే గొలుసుకు ఆకురాయి పెడుతున్నారనుకోవచ్చు. రెండూ ఆగాయి. క్యారియరు చేతిలో ఉందన్న సంగతి కూడా తెలియకుండా ఆకుల్లో పరిగెత్తాను.

వాగు మలుపు దగ్గర ఒక మొద్దు మీద ఆయన కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలు చాపి ఉంది. మోకాలి పైన ప్యాంటు చీరుకుపోయి, అందులోంచి తెల్లటి దారాలు కుప్పలు కుప్పలుగా వేలాడుతున్నాయి. పక్కన రంపం పడి ఉంది, దాని నిండా అవే దారాలు.

"టీ తెచ్చినావా?" అన్నాడు.

వంగి ఆ దారాలు పక్కకు తీసి, ప్యాంటు కిందికి లాగి చూశాను. నిమ్మకాయంత మేర నీలంగా కమిలి ఉంది. నెత్తురు చుక్క లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆ తర్వాత తిట్టాను. ఎంతసేపు తిట్టానో తెలీదు, ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఎంత భయపడ్డాడో.

"ఎప్పటిలాగే మొదట్లో పెట్టినాడు వదినా," అన్నాడు అప్పన్న. "నిప్పురవ్వలు లేచినాయి. రంపం ఎగిరి తిన్నగా కాలి మీదకొచ్చింది. ఐయో, కాలు పోయింది అనుకున్నాను. కాలి మీద పడ్డాది, పడి అక్కడే ఆగిపోయింది లా! నా కళ్ళతో సూసినాను."

మా ఆయన గొడ్డలి తీసుకుని చెట్టు మొదట్లో బెరడు చెక్కాడు. లోపలి నుంచి బెత్తెడు మేకు ఒకటి బయటపడింది. నల్లగా తుప్పు పట్టింది. ఒక పక్కన మాత్రం రంపం పళ్ళు తగిలినచోట తళతళలాడుతోంది.

ఆయన ఆశ్చర్యమంతా ఆ మేకు చూసే. "ఇక్కడెవడు కొట్టినాడే? మొదట్లో ఎవడు కొడతాడు?" అని పదిసార్లు అడిగి ఉంటాడు. నేను అన్నం వడ్డించాను.

సాయంత్రం ఇంటికి రాగానే, రోజూ అడిగే ప్రశ్న మా అత్త అడగలేదు. ముందు కొడుకు కాళ్ళ వైపు చూసింది. వేలాడే దారాలు చూసింది. ఆయన వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, క్యారియరు మూతలో దాచి తెచ్చిన మేకు తీసి చూపించాడు.

"సూడమ్మా. ఎవడో పుణ్యాత్ముడు కొట్టినాడు. ఆడు ఎవడో గాని నా సేతికి దొరికితే..."

"నానే," అంది మా అత్త.

ఆయన అర్థం కానట్టు నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను.

"నానే కొట్టినాను. ఏడు," అంది. అని, అయిపోయింది అన్నట్టు రెండు చేతులూ ఒళ్ళో వేసుకుంది. "సెప్పేసినాను. ఇంక పోయింది."

"ఏటి పోయింది?"

"నీ కాపుదల."

అప్పుడు చెప్పింది. సూరిబాబు కంటే ముందు ఇద్దరు బిడ్డలు, కూలీల పసిపిల్లల్ని ఉంచే ఆయా కొట్టంలో జ్వరాలొచ్చి పోయారు. వీడు పుట్టాక ఆ కొట్టంలో వదలడానికి ఆవిడకు మనసొప్పలేదు. తోటలోకే తెచ్చుకుని, వాగు మలుపు దగ్గర రెండు చెట్ల మధ్య చీరతో ఉయ్యాల కట్టేది. వాడినక్కడ పడుకోబెట్టి చెట్లు గీయడానికి వెళ్ళాలి కదా. గాలీ ధూళీ తాకకుండా ఉయ్యాల చుట్టూ ఏడు చెట్ల మొదళ్ళలో ఏడు మేకులు కొట్టింది. కొట్టిన చోటు ఎవరికీ చెప్పకూడదని వాళ్ళమ్మ చెప్పింది. మొగుడికి కూడా చెప్పలేదు.

"ఆ మేకులే నిన్ను కాసినాయిరా ఇన్నాళ్ళూ. ఇయ్యాల ఆటిలో ఒకటే నీ కాలు తీసేసేది. నాను నోరు మూసుకుని కూకున్నాను," అని మా అత్త ఏడ్చింది. నేనూ పక్కనే ఏడ్చాను. ఆవిడ మూసుకున్న నోరు నేనూ మూసుకున్నాను కదా.

మా ఆయన మేకును అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. మేకు గాల్లోకి ఎగరేసి ఏదో వేళాకోళం ఆడతాడేమోనని చూశాను. ఆడలేదు.

"ఇంకా ఆరున్నాయి కదా అమ్మా," అన్నాడు.

"ఉన్నాయి."

"రేపు సూపించు."

"సూపిస్తే ఆటి బలమూ పోతాదిరా."

"పోనీ," అన్నాడు. చీరుకుపోయిన ప్యాంటు మీద చెయ్యి వేసి, "ఇది ఉంది కదా. రేపట్నుంచి దినమూ ఏసుకుంటాను. నీ మీద ఒట్టు. నువ్వు ఇన్నేళ్ళు కాసినావు, ఇంక ఇది కాస్తాది," అన్నాడు.

నేను మూడు వారాలు అరిచినా రాని మాట అది. తల్లి భయం తీర్చడానికి వచ్చింది. నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజమే గాని, అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది.

మర్నాడు కూలీల మీద పెత్తనం చేసే మండోరు కొత్త ప్యాంటు ఇచ్చాడు. ఒకసారి గొలుసు తగిలిన ప్యాంటు మళ్ళీ పనికిరాదట. అప్పన్న తన పాత కారులో మా అత్తను వాగు దాకా తీసుకొచ్చాడు. ఆవిడ కర్ర ఊతంతో ఆకుల్లో నెమ్మదిగా నడిచి, ఒక్కొక్క చెట్టు దగ్గరా ఆగి, మొదట్లో కర్రతో తాకింది. ఒక్కచోట కూడా తడబడలేదు. ఆయన వెనకే వెళ్ళి ఎర్ర రిబ్బను కట్టాడు. తీగ కంటే కింద, మేకు కంటే పైన, మోకాలి ఎత్తున కోద్దామని ఆయనా అప్పన్నా మాట్లాడుకున్నారు. చివరి రెండు చెట్ల దగ్గర మా అత్త ఆగింది.

"ఇక్కడే కట్టీదాన్ని."

నలభై నాలుగేళ్ళ మా ఆయన, హెల్మెట్టు, ప్యాంటు, బూట్లతో సహా వెళ్ళి ఆ రెండు చెట్ల మధ్య నిలబడ్డాడు.

"ఎంతుండీవోణ్ణమ్మా?"

ఆవిడ మోచేతి దాకా కొలిచి చూపించింది. "ఇంత. ఏడుపు మాత్రం ఆ వంతెన దాకా ఇనిపించీది."

"ఇప్పుడు రంపం ఇనిపిస్తంది," అన్నాడు అప్పన్న. అందరం నవ్వాం, మా అత్త కూడా నవ్వింది.

ఆ రెండు చెట్లూ ఆఖర్న, ఉగాదికి మూడు రోజుల ముందు కొట్టారు. మొద్దుల్లోంచి మేకులన్నీ ఆయనే ఊడదీసి తెచ్చి, మొదటిదాంతో కలిపి ఏడూ తల్లి చేతిలో పోశాడు. ఉగాది నాడు వేపపువ్వు దొరక్క కాకరకాయ ముక్క వేసిన పచ్చడి తిని, ఆవిడ వాటిని వాగులో వేయించమంది. నేనే వెళ్ళి వేశాను. ఆరు ఉన్నాయి. ఒకటి తగ్గిందేమిటని అడిగితే, "ఎక్కడో పడిపోయింటాది," అంది.

ఇప్పుడు ఆయన కువాలా సెలంగోర్ వైపు వేరే తోటలో కొడుతున్నాడు. మాట తప్పలేదు. ఉడికిపోతోందని రోజూ తిడతాడు, రోజూ వేసుకుంటాడు. వరండాలో మా అత్త ఇంక వరస సంగతి అడగదు. "పేంటు ఏసుకునే కోసినావా?" అని అడుగుతుంది.

చిరిగిన పాత ప్యాంటు మళ్ళీ మోటారు సైకిలు సీటెక్కింది. పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. మొన్న దాన్ని ఉతుకుదామని తీస్తే, ఒక కాలి అంచు బరువుగా తగిలింది. తడిమి చూశాను. బెత్తెడు పొడుగున గట్టిగా ఉంది, ఒక పక్కన రంపం పళ్ళ నొక్కులు వేలికి తెలిశాయి. దాని చుట్టూ వంకర టింకరగా కుట్లు, చూపు సరిగా ఆనని మనిషి వేసిన కుట్లు. వరండా వైపు చూశాను. మా అత్త నన్నే చూస్తోంది. ఒక కుట్టు వదులైపోయింది. సూదీ దారం తెచ్చుకుని, దాన్ని గట్టిగా బిగించి ముడి వేశాను.